మాట తెరకెక్కింది, పని ఇంకా ఎక్కలేదు

2023 ఏప్రిల్‌లో మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు గోడకు తెల్ల పంచె కట్టి ‘బలగం’ వేశారు. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఊరు. కరెంటు ఎప్పుడు పోతుందోనని ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తూనే జనం చాపలు, యూరియా బస్తాలు పరుచుకుని కూర్చున్నారు. సినిమాలో కొమురయ్య పోయాక మూడో రోజు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఐదో రోజూ ముట్టదు. మా వెనకాల కూర్చున్న ఒక పెద్దమ్మ తెర వైపు చెయ్యి చాపి, “కల్లు పెట్టుర్రి అయ్యా, కల్లు పెడితే వస్తడు” అంది. ఎవరూ నవ్వలేదు. పక్కావిడ “అవును, ఆయనకు కల్లంటే పాణం” అని వంత పాడింది. ఆ క్షణాన కొమురయ్య సినిమాలో మనిషి కాదు, మా వాడకట్టు మనిషి.

అంతకుముందు మా ఊరి జనం తెరతో అట్లా మాట్లాడటం నేను చూడలేదు. హీరో వస్తే ఈలలు వేయడం చూశాను, దేవుడి సినిమాకు కొబ్బరికాయ కొట్టడం చూశాను. తెర మీది మనిషికి సలహా ఇవ్వడం మాత్రం అదే మొదలు. మటన్‌లో నల్లి బొక్క వెయ్యలేదని అలిగిన అల్లుడు ఏళ్ల తరబడి అత్తగారింటి గడప తొక్కకపోవడం మా దగ్గర ఎవరికీ వింతగా తోచలేదు. ప్రతి ఇంట్లో ఒక నల్లి బొక్క కథ ఉంది. చివర్లో బుడగ జంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాట ఎత్తుకున్నాక మగవాళ్లు కూడా తువ్వాలతో మొహం తుడుచుకున్నారు.

ఆ సినిమా మీద, ఆ తర్వాత వచ్చిన వాటి మీద, మా ఇంట్లో రోజూ నడిచే సీరియళ్ల మీద చాలా రోజులుగా మనసులో ఒక మాట ఉంది. నేను సినిమా రంగం వాణ్ని కాను. ఉద్యోగం మహబూబ్‌నగర్‌లో, ఇల్లు దేవరకొండ వైపు. కల్వకుర్తి మీదుగా వారం వారం బస్సులో తిరిగేవాణ్ని. చూసేవాడిగానే చెబుతున్నాను. మా యాస తెర మీదికి వచ్చింది, సంతోషం. కానీ మేం బతకడానికి చేసే పని మాత్రం ఇంకా తెర మీదికి రాలేదు.

యాస ఎంత దూరం నడిచి వచ్చిందో మా వయసు వాళ్లకు బాగా తెలుసు. 1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు గారు వేసిన కాశయ్య పాత్ర తెలంగాణ యాసలో మాట్లాడుతుంది. గొప్ప నటన, అందులో అనుమానం లేదు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు మా మాట వినబడితే తెర మీద రౌడీ అయినా వచ్చినట్టు, నవ్వించేవాడైనా వచ్చినట్టు. హాస్టల్లో చదివేటప్పుడు మాలో చాలామంది గుంటూరు, విజయవాడ పిల్లల ముందు మాట మార్చి మాట్లాడేవాళ్లు. నేనూ మార్చాను. ఆ సిగ్గును మొదట పోగొట్టింది సినిమా కాదు, టీవీ. అదీ సీరియల్ కాదు, వార్తలు. ‘తీన్మార్’ వార్తల్లో సావిత్రి, బిత్తిరి సత్తి మా మాటలోనే దేశం సంగతులు చెబుతుంటే హోటళ్లలో టీ తాగేవాళ్లు గ్లాసు పక్కన పెట్టి చూసేవాళ్లు. యాసలో వార్త చెప్పొచ్చని తేలాక యాసలో ప్రేమ చెప్పడం ఎంతసేపు? 2016లో ‘పెళ్లిచూపులు’, 2017లో ‘ఫిదా’ వచ్చాయి. బాన్సువాడ పిల్ల భానుమతిని రాష్ట్రాలకు అతీతంగా జనం నెత్తిన పెట్టుకున్నారు. 2023 మార్చి ఒక్క నెలలోనే 3న ‘బలగం’, 30న ‘దసరా’ విడుదలయ్యాయి.

ఇక్కడే నా పేచీ మొదలవుతుంది. ‘దసరా’లో బొగ్గు దుమ్ము కనబడుతుంది, మొహాల మీద మసి కనబడుతుంది, సిల్క్ బార్ కనబడుతుంది. గూడ్సు బండి మీది నుంచి బొగ్గు దొంగతనం కూడా కనబడుతుంది. కానీ బొగ్గు పని కనబడదు. బొగ్గు బాయిలోకి దిగే మనిషి, షిఫ్టు అయిపోయాక పైకి వచ్చే మనిషి, వాడి ఇంట్లో టెన్షన్ కథకు అవసరం రాలేదు. నాని, కీర్తి సురేష్ ప్రాణం పెట్టి చేశారు. అయినా సినిమా అయిపోయాక నాకు మిగిలింది సీసాల చప్పుడే. ‘బలగం’ తర్వాత వచ్చిన చాలా సినిమాలు కూడా దాంట్లోంచి చావును, దావత్‌ను, యాటకూరను తీసుకున్నాయి గానీ ఆ ఓపికను తీసుకోలేదు. తెలంగాణ పల్లె అంటే పొద్దున లేచి తాగేది, మాపటికి కొట్టుకునేది అన్నట్టు చూపిస్తే మా పిల్లలు దాన్నే నిజం అనుకుంటారు. పొద్దున నాలుగింటికి లేచి పాలు పిండేవాడు, బత్తాయి తోటకు నీళ్లు పెట్టేవాడు, ఆరింటికి ఆటోలో ఇరవై మంది ఇరుక్కుని కూలికి పోయే ఆడవాళ్లు ఎక్కడ పోయారు?

యాస సంగతి కూడా ఇంకొంచెం చెప్పాలి. సినిమాల్లో వినబడే తెలంగాణ మాట దాదాపు ఒక్క తీరుగా ఉంటుంది. కరీంనగర్, వరంగల్ పలుకుబడికి హైదరాబాద్ బస్తీ మాట కొంచెం కలిపినట్టు ఉంటుంది. దక్షిణ తెలంగాణకు వచ్చి వింటే కథ వేరు. గద్వాల దాటి అలంపూర్ దిక్కు పోతే మాట కర్నూలు వైపు వంగుతుంది. నారాయణపేట, మక్తల్ వైపు చాలా ఇళ్లలో కన్నడం, తెలుగు ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. కోదాడ, హుజూర్‌నగర్‌లో కృష్ణా జిల్లా గాలి తగులుతుంది. మా దేవరకొండ సంతలో సగం బేరాలు లంబాడీ భాషలో జరుగుతాయి. ఆ తండాల బతుకును తెర మీద చూపినవి నాకు గుర్తున్నంతలో చాలా తక్కువ. కె.ఎన్.టి. శాస్త్రి గారు నందితా దాస్‌తో తీసిన ‘కమ్లి’ ఒకటి. జాతీయ అవార్డు వచ్చింది గానీ మా వైపు టాకీసులో ఆడిన గుర్తు నాకు లేదు. “గిట్ల, గట్ల” అని నాలుగు మాటలు కలిపితే యాస కాదు. అలంపూర్ మనిషిని అలంపూర్ మనిషిలా మాట్లాడనిస్తే అప్పుడు యాస.

పాట విషయంలో మాత్రం మా నేల ఎప్పుడో ముందుంది. 1979లో తీసిన ‘మా భూమి’లో వినిపించే ‘పల్లెటూరి పిల్లగాడ’ రాసింది సుద్దాల హనుమంతు గారు, నల్లగొండ బిడ్డ. పసులు కాసే జీతగాడు, ఇంకా ఆడుకునే వయసు దాటని పిల్లవాడు, ఆ పాటలో కథానాయకుడు. 2002లో ‘కుబుసం’ కోసం వినిపించిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ గోరటి వెంకన్న గారిది, పాలమూరు మట్టిది. చేతివృత్తులు ఒక్కొక్కటీ ఎట్లా ఆరిపోయాయో ఆ పాట వరసగా లెక్కపెడుతుంది. రెండు పాటల మధ్య ఇరవై ఏళ్లకు పైగా తేడా ఉంది, రెండూ పని గురించే. పాటకు చేతనైంది కథకు ఎందుకు చేతకాదు?

ఇంకో పాట చెబుతాను. ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట మొదట్లో నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు దర్శనం మొగిలయ్య గారి గొంతు లేస్తుంది, చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర. ఆ పాట వచ్చిన రోజు మహబూబ్‌నగర్ బస్టాండులో ప్రతి ఫోన్‌లో అదే మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి పోతున్నారని వార్తలు వచ్చాయి. సినిమాకు ఆయన గొంతు కావాల్సి వచ్చింది, ఆయన కథ అక్కర్లేకపోయింది. సినిమా కథేమో మలయాళం నుంచి తెచ్చుకున్నది. పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న కథను కిన్నెర మీద చెబుతూ తరాలు గడిపిన వాళ్లున్నారు. ఆ కథ కోసం కొచ్చి దాకా పోనక్కర్లేదు.

పని అంటున్నాను కదా, ఏ పని అని అడగొచ్చు. పాలమూరులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. దేశంలో ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, సొరంగం తొలిచినా ‘పాలమూరు లేబర్’ అనే మాట వినిపించేది. 1955లో పునాదిరాయి పడి 1967లో జాతికి అంకితమైన నాగార్జునసాగర్ రాళ్లలో మా నల్లగొండ, పాలమూరు జిల్లాల చేతులూ ఉన్నాయి. కోస్గి, మక్తల్, నారాయణపేట వైపు నుంచి ఇప్పటికీ ముంబయి, పుణె పోతారు. ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లలో వలస తగ్గింది, కొందరు తిరిగొచ్చి వరి వేశారు. అది కూడా ఒక కథే. పదిహేనేళ్లు ముంబయిలో సిమెంటు మోసిన మనిషి తన పొలంలో మొదటిసారి నీళ్లు చూసిన రోజు.

ఒక సాయంత్రం మహబూబ్‌నగర్ బస్టాండులో నా బస్సు కోసం నిలబడ్డాను. ముంబయి బస్సు దగ్గర మూటలు ఎక్కిస్తున్నారు. జొన్నపిండి మూట, బియ్యం మూట, గుడ్డలో చుట్టిన స్టవ్, మూతికి తాడు కట్టిన ప్లాస్టిక్ బిందె. ఒక ముసలమ్మ చంకలో నాలుగేళ్ల పిల్లవాడు. వాడి అమ్మానాన్న అప్పటికే బస్సులో ఉన్నారు. ముసలమ్మ వాడికి బిస్కెట్ పుడ కొనిచ్చి, “గా బొమ్మ జూడు, గా బొమ్మ జూడు” అంటూ దుకాణం వైపు తిప్పి నిలబడింది. అప్పుడే బస్సు కదిలింది. కిటికీలోంచి ఆ తల్లి చెయ్యి ఊపలేదు, పిలవలేదు, కొంగు నోట్లో కుక్కుకుంది. పిల్లవాడు ఇటు తిరిగేసరికి అక్కడ బస్సు లేదు.

దీంట్లో సెంటిమెంట్ లేదా? డ్రామా లేదా? విలన్ కూడా ఉన్నాడు, అయితే కోట గోడల మధ్య ఉండడు. కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీ సొంత ఊరివాడు, వరసకు బావో మామో అవుతాడు. పండుగ ముందు అడ్వాన్స్ ఇచ్చేది ఆయనే, పిల్ల పెళ్లికి సాయం చేసేది ఆయనే, లెక్క దగ్గర మోసం చేసేది కూడా ఆయనే. ఆ మనిషిని పూర్తిగా తిట్టలేం, పూర్తిగా నమ్మలేం. వెయ్యి ఎపిసోడ్లు నడిచే సీరియల్‌కు ఇంతకంటే మంచి పాత్ర ఏముంటుంది?

సీరియళ్ల మాట వచ్చింది కాబట్టి మా చిన్నమ్మ గురించి చెప్పాలి. దసరా నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర పత్తి ఏరే కాలం. నడుముకు ఒడి కట్టుకుని రోజంతా వంగి ఏరుతారు, కిలోల లెక్కన కూలి. ఎండిన పత్తికాయ డొప్ప మొనలు సూదుల్లా ఉంటాయి. రోజూ గీరుకుని గీరుకుని గోళ్ల పక్కన తోలు చీరిపోతుంది. రాత్రి ఏడున్నరకు చిన్నమ్మ టీవీ ముందు కూర్చుని వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ సీరియల్ చూస్తుంది. తెర మీద కోడలు పట్టుచీరలో, నిండా నగలతో నిద్ర లేస్తుంది. ఆ ఇంట్లో అంతా “ఏమండీ” అని పిలుచుకుంటారు. మా ఊళ్లో ఏ ఆడమనిషీ మొగుణ్ని “ఏమండీ” అని పిలవగా నేను వినలేదు. “పిల్లల నాయనా” అంటారు, లేకపోతే “ఓ అయ్యా” అంటారు. ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉందో తెలియదు. వాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె కాలగా ఎప్పుడూ చూడలేదు.

కారణం దాచేదేం కాదు. ‘ఇంటింటి గృహలక్ష్మి’, ‘గుప్పెడంత మనసు’, ‘బ్రహ్మముడి’ మూడూ బెంగాలీ సీరియళ్ల నుంచి వచ్చినవి. ‘గుండె నిండా గుడి గంటలు’ తమిళం నుంచి వచ్చింది. ‘కార్తీక దీపం’ మలయాళం నుంచి. కలకత్తాలో పుట్టిన కథ హైదరాబాద్ స్టూడియోలో తెలుగు పేర్లు పెట్టుకుని నడుస్తుంటే అందులో నల్లగొండ ఎట్లా కనబడుతుంది, కాకినాడ మాత్రం ఎట్లా కనబడుతుంది? మంజులా నాయుడు గారు ‘ఋతురాగాలు’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ తీసిన రోజుల్లో కథ కనీసం ఇక్కడ పుట్టేది, ఇక్కడి మనుషుల కోపతాపాలతో నడిచేది. ఇప్పుడు రాసేవాళ్లు లేరని నేను అనుకోను. పక్క భాషలో హిట్టయిన దాన్ని తెచ్చుకుంటే నష్టభయం తక్కువ కాబట్టి కొత్తగా రాయించడం మానేశారు. ఆ భద్రత మా చిన్నమ్మ లాంటి వాళ్ల ఖర్చుతో వస్తోంది. ఆమె రోజుకు రెండు గంటలు ఇస్తోంది. బదులుగా ఆమె బతుకులోంచి ఒక్క వస్తువు కూడా తెర మీద కనబడదు.

అయినా సీరియల్ చూసే ఆడవాళ్లను చులకన చేసే మాటలు నేను ఒప్పుకోను. వాళ్లు ఊరికే చూడటం లేదు, ఏరుకుని చూస్తున్నారు. ‘కార్తీక దీపం’ దీపకు జనంలో నిలిచిపోయిన పేరు ‘వంటలక్క’. తెలుగు టీవీలో ఇంతగా ఇళ్లలోకి వచ్చిన ఇంకో పాత్ర నాకు గుర్తులేదు. ఆమెను అందం పేరుతో పిలవలేదు, అత్తారింటి పేరుతో పిలవలేదు, చేసే పని పేరుతో పిలిచారు. మొగుడు అనుమానించి దూరం పెడితే, వంట చేసి బిడ్డను సాకుకున్న ఆడమనిషి ఆమె. మా చిన్నమ్మకు డాక్టర్ బాబు మీద, మోనిత మీద ఉన్న కోపం ఒక ఎత్తు, దీప పొయ్యి ముందు కూర్చుంటే కలిగే తృప్తి ఒక ఎత్తు. “చేతిల పనుంటే ఎవడేం జేస్తడు” అనేది. చూసేవాళ్లకు పని మీద ఆసక్తి లేదనే నిర్మాతలు ఈ ఒక్క పేరు గురించి ఆలోచిస్తే చాలు.

ఓటీటీ కొంత దారి చూపిస్తోంది. 2024 జనవరిలో వచ్చిన ‘90స్: ఏ మిడిల్ క్లాస్ బయోపిక్’ను మా స్టాఫ్‌లో చూడనివాళ్లు లేరు. ప్రభుత్వ బడి లెక్కల మాస్టారి ఇల్లు, జీతం, పిల్లల మార్కులు, పొద్దున్నే ఉప్మా. శివాజీ, వాసుకి అందులో నటించినట్టే ఉండరు. రూపాయి రూపాయి లెక్క చూసుకునే ఇంటి గుట్టు తెలిసినవాళ్లు రాసిన కథ అది. థియేటర్ సినిమాల్లోనూ కొన్ని ఉన్నాయి. 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ విశాఖపట్నం కథే అయినా మా వాళ్లకు ఎందుకు పట్టింది? ఒక జూనియర్ లాయర్ కేసు కాగితాలు తిప్పి తిప్పి చదివి తప్పు పట్టుకోవడం, అంటే ఒక మనిషి తన పని శ్రద్ధగా చేయడం, అంత ఉత్కంఠగా ఉంటుందని ఆ సినిమా చూపించింది. 2024 ‘పొట్టేల్’లో బిడ్డను చదివించాలని పట్టుబట్టిన గొర్ల కాపరి ఉన్నాడు. రెండో సగంలో గొడవలు, నెత్తురు ఎక్కువై ఆ తండ్రి పట్టుదల పలచబడింది గానీ, ఎంచుకున్న మనిషి మాత్రం సరైన మనిషి. మిగతా ఓటీటీ తెలుగు సిరీస్‌లలో ఎక్కువ భాగం హత్య, దర్యాప్తు, డ్రగ్స్. వాటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏం లేదు.

నల్లగొండ నేల నుంచి వచ్చిన సినిమాల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా గౌరవించేది 2019 నాటి ‘మల్లేశం’. అప్పుడు థియేటర్లో చూసినవాళ్లు తక్కువ. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి నిజ జీవితం అది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే మేకుల చుట్టూ దారం చుట్టాలి. ఒక చీర కోసం చెయ్యిని దాదాపు 9,000 సార్లు ముందుకూ వెనక్కూ ఆడించాలి. అది ఇంటి ఆడవాళ్ల పని. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన యంత్రం చేయాలని మొదలుపెట్టి ఏళ్ల తరబడి అప్పులపాలయ్యాడు, ఊళ్లో నవ్వులపాలయ్యాడు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమాలో ఫైట్ లేదు. దారం, మేకులు, భుజం, అప్పు ఉన్నాయి. తల్లిగా ఝాన్సీ గారు చెయ్యి ఆడిస్తూ మధ్యలో ఒక్క క్షణం ఆగే తీరు చూస్తే చాలు, డైలాగ్ అక్కర్లేదు. దర్శకుడు రాజ్ ఆ ఆసు పనిని తొందరపడకుండా చూపించాడు. మనకు విసుగు రావాలి, భుజం లాగాలి, అప్పుడే యంత్రం తిరిగినప్పుడు మనకూ ఊపిరి ఆడుతుంది.

పోయిన పత్తి సీజన్‌లో ఒక రాత్రి కేబుల్ రాకపోతే చిన్నమ్మకు ఫోన్‌లో ఆ సినిమా పెట్టి ఇచ్చాను. చిన్న తెర, ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టాం. నూనె రాసుకుంటున్న చెయ్యి ఆసు పోసే సీన్ దగ్గర ఆగిపోయింది. తెలియకుండానే తన కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. సీరియల్‌లో అయితే మధ్య మధ్యలో ఎవరో ఒకర్ని తిడుతూ ఉంటుంది. ఆ రోజు రెండు గంటలూ ఒక్క మాట లేదు. యంత్రం తిరిగింది, తల్లి మొహం చూపించారు, పేర్లు పడ్డాయి. ఫోన్ నాకు ఇస్తూ అడిగింది:

“కొడుకా, మరి పత్తి ఏరేటందుకు గసొంటిది ఎవ్వరు జెయ్యలేదా?”